బూరె బరువు

నమోదు 1
గాలి నైరుతి. గుడ్డు ఒకటి. బరువు 61 గ్రాములు.

ఈ పుస్తకంలో బరువులు తప్ప మరేమీ రాయకూడదని తీర శాఖ నియమం. అట్ట లోపల అచ్చు వేసి మరీ చెప్పారు. కానీ నేను ముప్ఫై ఏళ్ళు రేవులో మైకు ముందు కూర్చుని తుఫాను హెచ్చరికలు చదివినవాణ్ణి. ఒక అంకె చెప్పి నోరు మూసుకోమంటే నా వల్ల కాదు.

నా పేరు గనగళ్ళ తాతారావు. జనమంతా చెవిపూసలు పెట్టుకోవడం మొదలయ్యాక తుఫాను సంగతి ఎవరి చెవిలో వాళ్ళకే వినిపిస్తోంది. మధ్యలో ఒక మనిషి గొంతు ఎందుకన్నారు. శాలువా కప్పి, చేతిలో నాలుగు బత్తాయిలు పెట్టి, ఈ ఉప్పుదిబ్బకు పడవెక్కించారు.

దిబ్బ చుట్టూ తిరిగి రావడానికి పావుగంట చాలు, నా మోకాలికైతే అరగంట. ఒక రేకుల షెడ్డు, మంచు పట్టి తాగునీళ్ళిచ్చే వల, ఒక త్రాసు, తోటి దిబ్బలతో మాట్లాడే రేడియో, ఇదీ మా సంసారం. తోడుకు మా ఎర్రమ్మ వదిన ఉంది. మా పెదనాన్న కొడుకు భార్య. నలభై ఏళ్ళు పడవ ఇంజన్లు బాగుచేసింది. ఇంజన్లు ఎదురు చెప్పవు కాబట్టి మనుషులు కూడా చెప్పకూడదని ఆమె అభిప్రాయం.

ఇక అసలు యజమానులు గంగపిట్టలనే సముద్రపక్షులు. వాటి గుడ్లనూ పిల్లలనూ తూచి రాయడమే మా పని. నా చిన్నప్పుడు మా ఊరి ఒడ్డున వాలితే ఇసుక కనిపించేది కాదు. ఇప్పుడు ఉప్పుదిబ్బకు వచ్చింది ఒకే ఒక్క జంట, పెట్టింది ఒకే ఒక్క గుడ్డు. మొగలిదిబ్బ, పీతలదిబ్బ, జంటదిబ్బ మూడూ కలిపితే ఇంకో తొమ్మిది. ఇక్కడినుంచి ఒక పిల్ల ఎగిరితేనే అది పెద్దదై మళ్ళీ ఇక్కడికే వస్తుంది. ఎగరకపోతే ఈ దిబ్బకిక పిట్ట లేదు. శాఖవారు త్రాసు కూడా పట్టుకుపోతారు.

నమోదు 3
గాలి నైరుతి. గుడ్డు క్షేమం.

కొత్త మరపిట్టలు, అంటే యంత్రపు పిట్టలు, పన్నెండు పెట్టెలో దిగాయి. ప్లాస్టిక్ చెయ్యడం ఆపి యాభై ఏళ్ళయినా ఆ కబురు సముద్రానికి ఇంకా అందలేదు. రోజూ కొత్తగా తయారైనట్టే పైకి తేలుతుంది. ఈ మరపిట్టలు తెల్లవారగానే వెళ్ళి ముక్కులతో ఏరుకొచ్చి మా బుట్టలో వేస్తాయి. బుట్ట అంచు ముక్కు కొసకు తగిలితే చాలు, ముక్కు దానంతటదే తెరుచుకుంటుంది.

చిక్కేమిటంటే గంగపిట్టలకు ఇవంటే పడదు. పోయిన ఏడు వచ్చినవాటి గాజు కళ్ళన్నీ పొడిచేశాయి. వదిన సగం కాలం కళ్ళు అతికిస్తూనే గడిపింది.

అప్పుడు నాకు తట్టింది. మా జాలారిపేటలో కొత్త పడవను ఊరికే నీళ్ళలోకి తొయ్యరు. పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఒళ్ళంతా చేపనూనె పట్టిస్తారు. నూనె తాగని పడవను సముద్రం తనదనుకోదంటారు. మరపిట్ట మాత్రం కొత్త పడవ కాదా అన్నాను.

"ఔను మరిదీ, ఇదొక్కటీ మంచి మాటన్నావు," అంది వదిన. ఆమె మా ఇంటికి కోడలై వచ్చిన నలభై నాలుగేళ్ళలో నన్ను మెచ్చుకోవడం ఇదే మొదలు కాబట్టి ఇక్కడ నమోదు చేస్తున్నాను.

పన్నెండింటికీ తలనుంచి తోకదాకా నూనె పట్టించాం. ముక్కులకు రెండు చేతులు, అంటే రెండు పూతలు, ఎక్కువే వేశాం. మైకు లేకపోయినా నేను నాలుగు మాటలు మాట్లాడాను. వినేవాళ్ళు పన్నెండు యంత్రాలు, చేతులు తుడుచుకుంటున్న ఒకావిడ.

నమోదు 4
గాలి పడమర. గుడ్డు క్షేమం.

ఒక్క కన్ను కూడా పోలేదు. తల్లి గంగపిట్ట ఒక మరపిట్ట పక్కనే వాలి, దాని మెడ వాసన చూసి, సొంత ఆడబిడ్డను చూసినట్టు తల వంచింది. శాస్త్రవేత్తలు పదేళ్ళు తల బద్దలు కొట్టుకున్న సమస్య ఒక గిన్నెడు నూనెతో తీరిపోయింది. నాకు గర్వంగా ఉంది, దాచుకోను.

నమోదు 9
గాలి నైరుతి. పిల్ల పుట్టింది. బరువు 44 గ్రాములు.

బూడిదరంగు నూగుతో గుండ్రంగా ఉంది. నూనెలోంచి అప్పుడే తీసిన బూరెలా ఉందన్నాను. నీకెప్పుడూ తిండి గోలేనంది వదిన. కానీ పేరు మాత్రం బూరె అనే స్థిరపడింది.

నమోదు 22
గాలి నైరుతి. బూరె బరువు 230 గ్రాములు.

శుక్రవారం కాబట్టి శాఖ పర్యవేక్షకురాలు నీలోత్పల గారు రేడియోలోకి వచ్చారు. ఆవిడ నగరంలో ఉంటారు. గంగపిట్టను గీతల్లోనే తప్ప నేరుగా చూసినట్టు లేరు.

"తాతారావు గారూ, మీ పిల్ల బరువు గీత చాలా అందంగా పైకి వెళుతోంది," అన్నారు. "మిగతా దిబ్బల్లో ఇలా లేదు. మీరు ప్రత్యేకంగా ఏమైనా చేస్తున్నారా?"

ముప్ఫై ఏళ్ళు రేడియోలో చెడ్డ కబుర్లే చదివాను. ఒక మంచి కబురు చెప్పమని ఎవరైనా అడగడం ఇదే మొదటిసారి. గొంతు సవరించుకుని చేపనూనె పద్ధతి మొత్తం చెప్పాను. అన్ని దిబ్బలవాళ్ళూ వింటున్నారు. మొగలిదిబ్బ సన్యాసయ్యయితే రెండోసారి చెప్పించుకుని రాసుకున్నాడు. "బాబూ, ముక్కుకి ఎన్ని సేతులెయ్యాల," అని అడిగాడు. రెండు ఎక్కువే వెయ్యమన్నాను.

నమోదు 33
గాలి లేదు. బూరె బరువు 395 గ్రాములు.

పడవలో పతకం వచ్చింది. నక్షత్రం ఆకారం, నీలంరంగు, చొక్కాకు గుచ్చుకునే సూది. 'ఉత్తమ బరువు' అని దాని మీద రాసి ఉంది. సముద్రంలోంచి ఏరిన ప్లాస్టిక్‌నే కరిగించి పోత పోశారట. మేం ఏరిందే మాకు తిరిగొచ్చింది.

"ఉత్తమ బరువు ఎవులిది, దానిదా నీదా," అని వదిన నా పొట్టకేసి చూసింది. నేను పతకం గుచ్చుకుని బయటికి నడిచాను.

నమోదు 35
గాలి దక్షిణం, గట్టిగా. బూరె బరువు 408 గ్రాములు.

పతకం పోయింది. పెట్టుకుని దిబ్బ చుట్టూ రెండుసార్లు తిరిగాను, చూసేవాళ్ళెవరూ లేకపోయినా. రాళ్ళ దగ్గర వంగినప్పుడు సూది ఊడి నీళ్ళలో పడిపోయినట్టుంది. పూటంతా వెతికాను. వదిన కూడా వెతికింది గానీ నవ్వుతూ వెతికింది కాబట్టి అది లెక్కలోకి రాదు.

నమోదు 41
గాలి దక్షిణం. బూరె బరువు 431 గ్రాములు.

ఈపాటికి పిల్ల రెక్కలు విదల్చాలి. గట్టు చివర నిలబడి గాలికి రెక్కలు చాపి చూసుకోవాలి. బూరె కూర్చున్నచోటే కూర్చుంటోంది. నేను అది ఒళ్ళు చేసిందనీ, పెద్దింటి పిల్ల కదా, నెమ్మదిగా లేస్తుందనీ రాయబోయాను.

తూచడానికి వదిన దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. చెవి దగ్గర పెట్టుకుంది. ఇంజను దగ్గర కూడా ఆమె అలాగే చెవి పెడుతుంది.

"మరిదీ, ఇలా రా. ఇది గలగలమంటన్నాది."

"ఆకలేమో."

"ఆకలికి గలగలమంటాదేటి. నువ్వు పొట్టట్టుకుని సూడు."

పట్టుకున్నాను. మెత్తగా ఉండాల్సిన చోట, ఇసుక సంచిలో గవ్వలు పోసినట్టు కరకరమంది. ఛాతీ ఎముక వేలికి కత్తిలా తగిలింది. నాలుగు వందల ముప్ఫై గ్రాముల పిట్ట ఒంట్లో మాంసం లేదు. ఇన్ని రోజులూ త్రాసు మీది అంకె చూశానే తప్ప పిల్లను చూడలేదు.

నమోదు 42
గాలి దక్షిణం. బూరె బరువు కింద రాస్తాను.

తెల్లవారుజామునే బండ చాటున కూర్చుని కాపు కాశాం. మరపిట్ట ఒకటి సముద్రం మీదినుంచి వచ్చింది. బుట్ట వైపు తిరిగింది. దారిలో గూడు దగ్గర తల్లిపిట్ట ఎదురెళ్ళి, ఆకలేసిన పిల్ల తల్లిని అడిగినట్టు, దాని ముక్కు కొస మీద టక్కున కొట్టింది. ముక్కు తెరుచుకుంది. అందులో ఉన్నదంతా తల్లిపిట్ట అందుకుంది, వాసన చూసింది, బూరె నోట్లో పెట్టింది. తర్వాత ఇంకో మరపిట్ట, ఇంకో టక్కు. వేటకు పోవాల్సిన పని లేదు. ఇంటి గుమ్మంలోకే చేప వాసనతో తిండి వస్తోంది.

ఆ వాసన నేను రాసింది. ముక్కులకు రెండు చేతులు ఎక్కువ వేసింది కూడా నేనే.

వదిన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. లేచి వెళ్ళి సన్నటి రబ్బరు గొట్టం ఉడికించి తెచ్చింది, గోరువెచ్చటి ఉప్పునీళ్ళు కలిపింది.

"సెమురు గొట్టంలో మట్టి పడితే కడగమా. ఇదీ అంతే. నువ్వు గట్టిగా అట్టుకో, ఏడిత్తే తర్వాత ఏడుద్దువు," అంది.

పట్టుకున్నాను. గొంతులోంచి గొట్టం దించి నెమ్మదిగా నీళ్ళు పోసింది, తల్లకిందులు చేసింది. మూడుసార్లు నీళ్ళే వచ్చాయి. నాలుగోసారి పళ్ళెంలో టపటపమని రాలాయి. తొమ్మిదిసార్లు కడిగాం. ప్రతిసారీ బూరె నన్ను చూసి, ఇదెక్కడి మర్యాద అన్నట్టు కళ్ళు మూసుకునేది.

పళ్ళెంలో వచ్చినవి రాస్తున్నాను. సీసా మూతలు మూడు. దువ్వెన పళ్ళు ఏడు. కలం మూత ఒకటి. బొమ్మ కారు చక్రం ఒకటి. ఏమిటో తెలియని తెల్ల ముక్కలు అరవైకి పైగా. వాటన్నిటికన్నా ఎక్కువ ఉన్నవి గోరంత మూడు మూలల ముక్కలు. అవేమిటో నాకు అంతుపట్టలేదు. వదిన ఒకటి తీసుకుని వెలుతురుకేసి పట్టుకుంది.

"ఇది తలసబ్బు పాకెట్టు మూల," అంది. "సిన్నప్పుడు నూతి కాడ తలంటీటప్పుడు, మా యమ్మ పంటితో ఈ మూల కొరికి ఊసీసేది. నానూ ఊసీసేదాన్ని. ఎంత దూరం పడతాదో అని పందెం ఏసుకునేవోళ్ళం."

ఆ ముక్కను తిరిగి పళ్ళెంలో పెట్టింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ఎప్పుడూ ఏ ఇంజను ముందూ తల దించనిది, తల దించుకుంది.

పళ్ళెం అడుగున ఒక నీలం నక్షత్రం ఉంది. సూది ఊడిపోయింది. 'ఉత్తమ బరువు' అన్న అక్షరాలు మాత్రం చక్కగా చదవొచ్చు.

బూరె బరువు 268 గ్రాములు.

నమోదు 42, రెండోసారి

అప్పటికింకా పొద్దు గుంకలేదు. చెయ్యాల్సిన పని ఒకటి మిగిలింది. చెయ్యబుద్ధి కాలేదు. నా మాట విని మూడు దిబ్బల్లో ముక్కులకు నూనె పట్టించారు. అక్కడ తొమ్మిది పిల్లలు గుండ్రంగా కూర్చుని ఉంటాయి.

ముందు నీలోత్పల గారికి చెప్పి, ఆవిడ ఒక కాగితం తయారు చేసి, అది నెమ్మదిగా దిబ్బలకు చేరేలా చేద్దామా అనుకున్నాను. నా పేరు బయటికి రాకుండా పోతుందన్న ఆశ. వదిన నా మొహం చూసి పసిగట్టింది.

"తుఫానొస్తందంటే నువ్వు కాగితం పంపేవోడివేటి," అంది.

రేడియో ముందు కూర్చున్నాను. ఏడేళ్ళుగా వాడని గొంతు బయటికి తీశాను. రేవులో చదివినట్టే, ఒక్కో మాటా ఆగి, రెండేసిసార్లు చదివాను.

"ఇది ప్రమాద హెచ్చరిక. అన్ని దిబ్బలవారూ గమనించ ప్రార్థన. ఉప్పుదిబ్బ గనగళ్ళ తాతారావు చెప్పిన చేపనూనె పద్ధతి తప్పు. ఆ నూనె వాసనకు తల్లిపిట్టలు ప్లాస్టిక్‌ను చేపనుకుని పిల్లలకు పెడుతున్నాయి. బరువు పెరిగిన ప్రతి పిల్లనూ వెంటనే పట్టుకుని పొట్ట తడిమి చూడవలెను. తప్పు చేసినవాడు గనగళ్ళ తాతారావు. చదువుతున్నవాడు కూడా అతనే."

రేడియో గరగరలోంచి సన్యాసయ్య గొంతు వినిపించింది.

"బాబూ, మాయి కూడా గలగలమంటన్నాయి. మొన్న రెండు సచ్చిపోయినాయి. బలిసిపోయి సచ్చాయనుకున్నాం."

నన్ను క్షమించు సన్యాసయ్యా అన్నాను. అతను తర్వాత తీరిగ్గా తిడతానని, ముందు గొట్టం ఎంత లావుండాలో చెప్పమన్నాడు. వదిన నన్ను పక్కకు నెట్టి రేడియో అందుకుంది. మిగతా ఏడు పిల్లల పొట్టలూ నాలుగు దిబ్బల మధ్య రేడియో మాటల మీదే ఆ సాయంత్రం కడిగేశారు.

నమోదు 43
గాలి నైరుతి. బూరె బరువు 261 గ్రాములు.

మరపిట్టలకు తలంటు. రాసిన నూనె వదలాలంటే కుంకుడుకాయను మించింది లేదు. వరసగా నిలబెట్టి, కుంకుడు రసం పోసి, పీచుతో రుద్దాం. ఒకదానికి కంట్లో నురగ పోయి గింగిర్లు తిరిగి షెడ్డు ఎక్కి కూర్చుంది. వదిన నిచ్చెన వేసి దించి, చంటిపిల్లను లాగినట్టు కాలు పట్టి లాక్కొచ్చింది.

సాయంత్రానికి పన్నెండూ తళతళలాడుతున్నాయి. తల్లిపిట్ట వచ్చి ఒకదాని మెడ వాసన చూసింది. వెంటనే కన్ను పొడిచేసింది. మా ఇద్దరికీ అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

"మరపిట్టల్ని కడిగీసినాం," అంది వదిన చేతులు దులుపుకుంటూ. "అంత సముద్రాన్నీ ఎవులు కడుగుతారు మరిదీ? నాచు పట్టిన ప్లాస్టిక్కు దాని మటుకు దానికే తిండి వాసనేత్తాది కదా."

బుట్టలు ఇంకో నాలుగు అల్లుదామన్నాను.

నమోదు 46
గాలి నైరుతి. బూరె బరువు 240 గ్రాములు.

తల్లి మూడు రోజులుగా కనిపించడం లేదు. తండ్రిపిట్ట కూడా లేదు. గుమ్మంలోకి వచ్చే తిండికి అలవాటు పడ్డవాళ్ళు వేట మరిచిపోయారేమోనని నా భయం. మేం చిన్న చేపలు పట్టి నోటికి అందిస్తున్నాం. ఒకటి తింటే రెండు నా మీద ఉమ్ముతోంది. వదిన అందిస్తే మాత్రం బుద్ధిగా మింగుతుంది.

నీలోత్పల గారు రేడియోలోకి వచ్చారు. శుక్రవారం కూడా కాదు.

"మీ గీత నిట్టనిలువునా పడిపోయింది. శాఖ లెక్కల యంత్రం దీన్ని నిర్లక్ష్యం అని గుర్తించింది. బరువు తిరిగి నాలుగు వందలకు చేర్చాలి. పతకం కూడా వెనక్కి పంపమంటోంది."

హెచ్చరిక విన్నారా అని అడిగాను. హెచ్చరికలు వేరే విభాగమట, వాళ్ళవి బరువులు మాత్రమేనట. సరేనన్నాను. పతకాన్ని శుభ్రంగా కడిగి, పళ్ళెంలో వచ్చిన మిగతావాటితో కలిపి సీసాలో పోసి, పడవలో పంపాను. ఇవన్నీ బూరె కడుపులో దొరికాయని చీటీ రాసి అంటించాను.

నమోదు 47
గాలి నైరుతి. బూరె బరువు 252 గ్రాములు.

పొద్దున్నే తల్లి వచ్చింది. రెక్కలు వేలాడిపోతున్నాయి. గొంతులోంచి తీసి పెట్టింది నిజమైన చేప, ఇంకా తోక ఆడుతోంది. నేను చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకున్నాను. వదిన చూడనట్టు అటు తిరిగింది.

నమోదు 54
గాలి పడమర. బూరె బరువు 301 గ్రాములు. అంతా చేపే.

నీలోత్పల గారు పడవలో స్వయంగా వచ్చారు. చెప్పులు చేత్తో పట్టుకుని, సీసా సంచిలో పెట్టుకుని దిగారు. త్రాసు దగ్గరికి పోలేదు. తిన్నగా గూటి దగ్గరికి వెళ్ళి ఇసుకలో కూర్చున్నారు.

"తీరమంతటికీ మూడు వేల పతకాలు పోత పోయించాను," అన్నారు చివరికి. "వచ్చే నెల పంచాలి."

"పంచుతారా అమ్మా?"

"లేదండీ." సీసా పక్కన పెట్టి, "పిల్ల పొట్ట తడమడం నాకు నేర్పిస్తారా?" అని అడిగారు.

వదిన ఆవిడ చెయ్యి తీసుకుని బూరె పొట్ట మీద పెట్టించింది. మెత్తగా ఉందన్నారావిడ. బూరె ఆవిడ మీద కూడా ఉమ్మింది. మొదటిసారి శాఖ మీద నాకు జాలి కలిగింది.

నమోదు 66
గాలి నైరుతి, నిలకడగా. బూరె బరువు

పొద్దున త్రాసు పట్టుకుని వెళ్ళేసరికి బూరె గట్టు చివర ఉంది. నూగంతా రాలిపోయింది. తెల్లగా, సన్నగా, ఎవరో కొత్తవాళ్ళలా ఉంది. రా అమ్మా, ఒక్క నిమిషం తూచి వదిలేస్తానన్నాను. నావైపు ఒకసారి చూసి, రెక్కలు చాపి, ముందుకు ఒరిగింది.

పడిపోతుందనుకుని నేను గట్టు చివరిదాకా పరుగెత్తాను, మోకాలి సంగతి మరిచిపోయి. అది నీళ్ళకు బెత్తెడు ఎత్తులో తేలింది. తర్వాత గాలి దాన్ని ఎత్తుకుంది. రెండుసార్లు దిబ్బ చుట్టూ తిరిగింది. నేను పతకం పెట్టుకుని తిరిగిన దారే అది. ఆ తర్వాత దక్షిణానికి వెళ్ళిపోయింది.

వదిన షెడ్డులోంచి చేతికి అంటిన మడ్డితోనే వచ్చి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. "నీళ్ళ మీద ఏటి తేలినా ఎగబడి తినకమ్మా," అంది పిట్ట వినగలిగేంత గట్టిగా. పిట్ట అప్పటికే కనిపించడం లేదు.

బరువు గడిలో అంకె లేకపోతే పేజీ చెల్లదని అట్ట లోపల రాసి ఉంది. గంటసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. తూచడానికి బూరె నా చేతికి దొరకలేదు. గడి ఖాళీగానే ఉంచుతున్నాను.